బంతిచెట్లు తాగిన నీళ్ళు

ఆ రోజు పొద్దున, మిల్లు గేటు దగ్గర, నలభై మంది ఆడకూలీలు చూస్తుండగా, నేను ఒకామెను పనిలోంచి తీసేశాను. ఆమె దొంగతనం చేయలేదు. ఆలస్యంగా రాలేదు. మా జిన్నింగు మిల్లులో మిషనుకు పత్తి అందించడంలో ఆమె చేతికి సాటి వచ్చే చెయ్యి ఇంకొకటి లేదు. తరచుగా జబ్బు పడుతోంది, అంతే. జబ్బు పడేవాళ్ళను తీసేస్తే మిల్లులో జబ్బులు తగ్గుతాయని అనుకున్నాను. ఆ ఆలోచన ఆ రోజు నాకు చాలా తెలివైనదిగా కనిపించింది.

ఆమె సద్దిగిన్నె చంకలో పెట్టుకుని లోపలికి రాబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను.

"నువ్వు ఇయ్యాల్టిసంది రాకు. గీ పనికి గట్టి పానం ఉన్నోళ్ళు గావాలె."

మొదట ఆమెకు అర్థం కాలేదు. ఏదో పరాచికం ఆడుతున్నాననుకుని నవ్వింది కూడా. నా ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది.

"జరమొచ్చిందంటె చిట్టి రాసిచ్చింది మీరే గదా మున్షి సాబు? గా చిట్టి తీసుకున్నందుకే తీసేస్తున్నరా?"

జవాబు లేని మనిషి గొంతు పెంచుతాడు. నేనూ పెంచాను.

"ఎక్కువ మాట్లాడకు. జరుగు."

ఆమె జరిగింది. మిగిలినవాళ్ళు తలలు దించుకుని ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. ఆడకూలీల వరుసకు పెద్దదైన ముసలామె, అందరూ పెద్దవ్వ అని పిలిచే ఆమె, చివరగా వెళ్తూ నా ముందు ఒక్క క్షణం ఆగింది. నన్ను కింది నుంచి పైదాకా చూసి లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

హైదరాబాదు స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో సంగతి ఇది. మాది ధర్మపురి పక్క ఊరు. పొలాలున్న ఇల్లు. మా ఇంట్లో పార పట్టుకునేది జీతగాళ్ళు. మేము గట్టు మీద నిలబడి చూసేవాళ్ళం. ఉర్దూ రాతకోతలు వచ్చు కాబట్టి ఆదిలాబాదులో ఒక జిన్నింగు మిల్లులో నాకు మున్షీ పని దొరికింది. దీపావళి దాటాక పత్తిబండ్లు రావడం మొదలవుతుంది. అప్పటి నుంచి ఎండాకాలం వచ్చేదాకా మిషన్లు ఆగవు. గింజ ఒక పక్కకు, దూది ఒక పక్కకు. మధ్యలో పొట్టు గాలిలో లేచి మనుషుల కనుబొమ్మల మీద, ముక్కుల్లో, సద్దిగిన్నెల్లో పడుతుంది. సాయంత్రం ఆడవాళ్ళు బయటికి వస్తుంటే అందరూ ఒకే వయసు ముసలివాళ్ళలా కనిపించేవాళ్ళు.

మా మిల్లులో ఒక మంచి ఆచారం ఉండేది. పనివాళ్ళకు జబ్బు చేస్తే నేను ఒక చిట్టీ రాసి ఇస్తాను. అది తీసుకుని బజారులో ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన చూసి మందు ఇస్తాడు. ఖర్చు మిల్లుది. మిల్లు యజమాని సేటు తండ్రి పెట్టిన పద్ధతి అది. చుట్టుపక్కల ఏ మిల్లులోనూ లేదు. అందుకే మా దగ్గర పని దొరికితే మనుషులు వదిలేవాళ్ళు కాదు.

ఆ ఏడు చిట్టీలు ఎప్పుడూ లేనంతగా పెరిగాయి. అందులో ఎక్కువ ఆడవాళ్ళవే. ఒంట్లో మంట, జ్వరం, కళ్ళు తిరగడం, నడుము నొప్పి. డాక్టరును అడిగితే ఆయన అద్దాలు తుడుచుకుంటూ, "మీ ఆడోళ్ళు నీళ్ళు తాగుతలేరయ్యా. పొట్టుల పనిచేసెటోళ్ళు కడుపునిండ నీళ్ళు తాగాలె. నా మందుకన్న గదే మందు" అన్నాడు.

ఆ మాట పట్టుకుని నేను ఒక పథకం వేశాను. షెడ్డులో గోడవారగా, నీళ్ళు చల్లగా ఉంచే మూడు పెద్ద మట్టి రంజన్లు పెట్టించాను. అడుగున, తిప్పితే నీళ్ళు వచ్చే తూటీలు పెట్టించాను, ఎవరి చెంబులో వాళ్ళు పట్టుకోవచ్చు. నీళ్ళు మోయడానికి మనిషిని పెట్టాను. పొద్దున పదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి నేనే వెళ్ళి గంట కొట్టేవాణ్ణి. గంట కొడితే మిషను దగ్గర ఉన్నవాళ్ళంతా వంతులవారీగా వచ్చి నీళ్ళు తాగాలి. ఇంత మంచి ఏర్పాటు జిల్లాలో ఎక్కడా లేదని నా నమ్మకం. సాయంత్రానికి రంజన్లు మూడూ ఖాళీ అయ్యేవి. అది చూసి నా కడుపు నిండేది.

సేటుకు కూడా చెప్పాను. "మూడు రంజన్లు తాగుతున్నరు సేటుజీ, రోజూ."

ఆయన గాదీ పరుపు మీద ఒరిగి కూర్చుని విన్నాడు. నెల గడిచింది. చిట్టీలు తగ్గలేదు. డాక్టరు బిల్లు వచ్చిన రోజు నన్ను పిలిచాడు.

"మున్షీజీ, నీళ్ళు గూడ తాగవట్టిరి, చిట్టీలు గూడ తీసుకోవట్టిరి. మా నాయన పెట్టిండని ఇన్నిదినాలు నడిపిన. ఇగ నాతోని గాదు. వచ్చే నెలకు తగ్గలేదనుకో, చిట్టీల దుకాణం బంద్. ఎవలి జరం వాళ్ళదే."

నేను భయపడ్డాను. చిట్టీలు ఆగితే మిల్లులో ఉన్న అందరికీ డాక్టరు లేనట్టే. పది మంది కోసం ఒకరిని పోగొట్టుకోవడం న్యాయమే అని నాకు నేను చెప్పుకున్నాను. పాత చిట్టీలు ముందు వేసుకుని ఎవరివి ఎక్కువో చూశాను. ఇద్దరివి అందరికంటే ఎక్కువ. ఒకరు, నేను మొదట చెప్పిన ఆమె. రెండోవాడు, దూదిని నొక్కి గంట్లుగా కట్టే ప్రెస్సు దగ్గర పనిచేసే ఒక మగవాడు. అతను గొంతున్న మనిషి. నలుగురిని కూడగట్టి గేటు దగ్గర కూర్చోగలడు. ఆమెకు మొగుడు లేడు. అత్తను, ఇద్దరు ఆడపిల్లలను ఒక్క చేత్తో సాకుతోంది. నేను ఎవరి జోలికి పోయానో మీకు ఇంతకుముందే చెప్పాను. ఇది నా జీవితంలో చాలాసార్లు తలుచుకున్నాను. ప్రతిసారీ సిగ్గు కొత్తగానే ఉంటుంది.

ఆమెను తీసేసిన రోజు మధ్యాహ్నం దాకా ఒక్కరు కూడా చిట్టీ అడగలేదు. సీజను మొదలైనప్పటి నుంచి అలాంటి రోజు లేదు. మందు పనిచేసిందనుకుని అన్నం తినడానికి ఇంటికి వెళ్ళాను. భోజనం చేస్తూ మా ఇంటామెకు అంతా చెప్పాను, నా రంజన్ల సంగతితో సహా. ఆమె వడ్డిస్తూ వింది. చివరికి ఒక్క మాట అడిగింది.

"అన్ని నీళ్ళు తాగి ఎటు పోతరు వాళ్ళు?"

"ఎటు పోవుడేంది?"

"బయటికి. ఆడోళ్ళు బయటికి పోవాలంటె మీ మిల్లుల జాగ ఏది?"

నాకు తెలియదు. ఆ మిల్లు గోడలో ఎన్ని ఇటుకలు ఊడాయో తెలుసు, ఏ బండి ఏ ఊరిదో తెలుసు. ఇది మాత్రం తెలియదు. నేను ముద్ద చేతిలో పట్టుకుని కూర్చుంటే ఆమె మళ్ళీ అంది.

"మనం ఈ ఊరికి వచ్చిన దినం యాదికున్నదా? ఇచ్చోడల బస్సు ఆగంగనే మీరు లోటల నీళ్ళు తెచ్చిండ్రు. నేను వద్దన్న."

"ఒక్కపొద్దు ఉన్నవనుకున్న."

"ఏం ఒక్కపొద్దు? పొద్దుగాల్ల ఇంట్ల తాగిన గుక్కెడే. రాత్రి ఈ ఇల్లు చేరినంక తాగిన. బస్సుల ఆడిదాని ఒక్కపొద్దు గట్లనే ఉంటది."

ఆ రోజంతా బస్సులో నేను ఆమె పక్కనే కూర్చున్నాను. నిర్మల్ ఘాటు ఎక్కుతుంటే ఆమె పెదవులు ఎండిపోయి ఉండడం చూశాను. దేవుడి మీద భక్తి అనుకుని మెచ్చుకున్నాను కూడా. చెయ్యి కడుక్కుని చెప్పులు వేసుకున్నాను. పెరుగన్నం అలాగే ఉండిపోయింది.

మిల్లుకు వచ్చి ఆఫీసులోకి పోకుండా షెడ్డు వెనక్కి వెళ్ళాను. వెనుక భాగం అంతా బండ్ల దొడ్డి. పొద్దున చీకటితో వచ్చిన బండ్లు తూకం అయ్యేదాకా అక్కడే ఆగుతాయి. ఎడ్లు, గడ్డి, బండ్ల కింద పడుకున్న మగవాళ్ళు, చుట్టలు. ముందువైపు రోడ్డు. ఎడమన ఇంజను ఇల్లు, బొగ్గు మోసేవాళ్ళు. కుడివైపు ఆఫీసు, నేను. నాలుగు వైపులా ఎక్కడ నిలబడి చూసినా ఎవరో ఒకరి కళ్ళు ఉన్నాయి.

షెడ్డు గోడ వెలుపల, సరిగ్గా రంజన్లకు వెనుక కిటికీ కింద, బంతిచెట్లు కనిపించాయి. దసరాకు మిషన్లకు వేసిన దండలు వాడిపోయాక అక్కడ విసిరేశాం. ఆ గింజలు మొలిచినట్టున్నాయి. కానీ ఆ నేల ఎండి పగుళ్ళిచ్చిన నల్లరేగడి. అందులో ఆ చెట్లు నా నడుము దాకా పెరిగి, గుత్తులు గుత్తులుగా పూసి, మొదళ్ళలో బురదతో ఉన్నాయి. నేను చూస్తుండగానే కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. గాజుల చెయ్యి. చెంబు వంచి నీళ్ళు పోసి లోపలికి పోయింది. మూడింటి గంట కొట్టమని నేను ఆ రోజు నీళ్ళు మోసే మనిషికి చెప్పి వెళ్ళాను. అప్పుడే గంట మోగిందన్నమాట.

పెద్దవ్వ గింజల బుట్ట నెత్తిన పెట్టుకుని అటుగా వచ్చింది.

"పెద్దవ్వా, గీ చెట్లకు నీళ్ళెవలు పోస్తున్నరు?"

"నువ్వే గద కొడుకా. మూడు రంజన్లాయె. దినాం రెండుపార్లు గంట గొట్టి మరీ పోస్తున్నవు."

"మరి మీరు తాగేది?"

"నువ్వు చూస్తుంటె గుక్కెడు మింగుతం. నువ్వు అటు తిరుగంగనే చెట్లు తాగుతయ్." ఆమె బుట్ట కింద పెట్టింది. "పొద్దుపొడువక ముందు ఇల్లిడిచి వస్తం. పొద్దుగూకినంక ఇల్లు చేరుతం. నడుమల ఏడికి పోవాలె? మొగోళ్ళకు గోడ ఉన్నది, నిలవడ్తరు. మాకు గా గోడ గూడ లేకపాయె. బండ్లకాడి ఎడ్లు నయం, వాటికి సిగ్గు లేదు."

"నాకు చెప్పొచ్చు గద?"

"ఏమని చెప్పాలె? మొగోనికి? గందుకే జరమని చెప్తిమి. జరమని చెప్పినదాన్ని పొద్దుగాల గేటు బయటికి నూకితివి. ఇయ్యాల లోపల ముగ్గురు కాలే ఒంటితోని మిషనుకు పత్తి పెడ్తున్నరు. నిన్ను చిట్టి అడిగెతందుకు దమ్ము ఎవలికున్నది?"

నేను లోపలికి పరిగెత్తినట్టే వెళ్ళాను. తిరిగే రోలర్ల ముందు జ్వరంతో ఊగుతూ నిలబడ్డ ముగ్గురిని పక్కకు తీయించి చిట్టీలు రాశాను. రాస్తుంటే వాళ్ళు చేతులు చాపలేదు. "వద్దు సాబు, మంచిగనే ఉన్నం" అన్నారు. పొద్దుట నుంచి ఎవరూ చిట్టీ అడగలేదని నేను గెలుపు అనుకున్నది ఇదే. పెద్దవ్వ గద్దించాక తీసుకున్నారు.

ఆ సాయంత్రం పొద్దు ఉండగానే ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. గుడిసె ముందు పొయ్యి మీద జొన్న గట్క ఉడుకుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమనలేదు.

"తప్పయింది. రేపు పనికి రా" అన్నాను.

"ఏం తప్పయింది?"

ఆ ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. అయినా చెప్పాను. నీళ్ళ సంగతి, బంతిచెట్ల సంగతి, ప్రెస్సు దగ్గరి మనిషిని వదిలి ఆమెను పట్టుకున్న సంగతి. చివరిది చెప్పడం కష్టమైంది. లోపల ఉన్న అత్త దగ్గడం ఆపి వింటోంది.

ఆమె గట్క కలుపుతూ అంది. "నేనొస్త. మల్ల నీళ్ళు తాగ. మల్ల జరమొస్తది. మల్ల తీసేస్తవు. గంత తిరుగుడెందుకు సాబు? ముందుగాల్ల జాగ చేసి పిలు. అప్పటిదాక మిరపచేనుకు కూలికి పోత."

మర్నాడు సేటు ముందు నిలబడ్డాను.

"మూడు రంజన్లు ఆడోళ్ళు తాగలేదు సేటుజీ. నేను చెప్పింది అబద్ధం. బంతిచెట్లు తాగినయ్."

ఆయన కళ్ళు చిన్నవి చేసి చూసి, అంతా విని, పొట్ట కదిలేలా నవ్వాడు. "అయితె బంతిచెట్లకు జరం తగ్గిందా?"

నేను నవ్వలేదు. వెనుక దొడ్డిలో ఒక మూల ఆడవాళ్ళకు చాటు కట్టిస్తానని చెప్పాను. బండ్లను ముందువైపుకు మార్చాలని చెప్పాను. ఆయన నవ్వు ఆపాడు.

"బండ్లోళ్ళను కదిలిస్తవా? ఒక్కడు అలిగి పక్క మిల్లుకు మళ్ళిండంటె పది బండ్లు వానెంట పోతయ్. ఇటుకలకు పైస ఇయ్య. మనిషిని ఇయ్య. జాగ తీసుకో పో. మరి చిట్టీలు తగ్గకపోతె?"

"నిన్న ఆమెను తీసేసిన తీర్గనే నన్ను తీసెయ్యండి. గేటు కాడ, అందరి ముందర."

"ఒక నెల" అన్నాడు ఆయన.

బండ్లవాళ్ళకు పెద్ద ఒక ముసలాయన. పెన్గంగ నది అవతలి ఊరు. తెలుగులో మరాఠీ కలిపి మాట్లాడేవాడు. నేను విషయం నసుగుతూ చెబితే ఆయన తలపాగా సర్దుకుని, "కాయ్ మున్షీ! ఎడ్లకు నీడ ఈడ, తొట్టి ఈడ. ఆడోళ్ళ కోసం మేము ఎండల కూసోవాల్నా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

పెద్దవ్వ ఎప్పుడు వచ్చిందో నా వెనుక నుంచి గొంతెత్తింది. "ఓ పటేలా! నీ ఎడ్లు పొద్దంత తాగి పొద్దంత పోస్తయ్, వాటికి నీడ గావాలె. నీ బిడ్డ గిట్ల ఈడ కూలికొస్తె ఏడ కూసుంటది? నీ బండి కిందనా?"

నవ్వులు ఆగిపోయాయి. ముసలాయన చుట్ట నోట్లోంచి తీసి నేలకేసి నలిపాడు. "బరోబర్ ఆయీ, నిజమే తల్లీ" అన్నాడు. తొట్టిని ముందువైపుకు మోయడానికి మొదట భుజం పట్టింది ఆయనే. రెండో రోజు ఆయన బండి నిండా పత్తికట్టె వేసుకుని వచ్చాడు. పత్తి ఏరిన చేనులో మిగిలిన కట్టె. తడక అల్లడానికి అంతకంటే మంచిది లేదు. ఆయన వెనుక ఇంకో రెండు బండ్లు.

ఇక గుంతలు తవ్వాలి. మనిషిని ఇవ్వనని సేటు ముందే అన్నాడు. కూలి పెట్టి తవ్వించగలను, కానీ నాకు మనసొప్పలేదు. గేటు దగ్గర అడ్డం పెట్టిన చెయ్యి నాది. అదే చెయ్యి తవ్వాలి. చొక్కా విప్పి గడ్డపార తీసుకున్నాను. మా నాయన చూస్తే ఏమనేవాడో అనుకున్నాను గానీ, రేగడి నేల మీద రెండు దెబ్బలు పడేసరికి నాయన, వంశం అన్నీ మరిచిపోయాను. కిటికీ దగ్గర ఆడవాళ్ళు గుంపుగా చేరారు.

"చూడుండ్రే, కలం వట్టుకున్నట్టె వట్టుకున్నడు గడ్డపార!"

"ఉర్దూల తవ్వుతున్నడేమో, కుడి దిక్కుకెళ్ళి మొదలువెట్టిండు!"

మధ్యాహ్నానికి అరచేతులు పొక్కాయి. ప్రెస్సు దగ్గర పనిచేసే ఆ గొంతున్న మనిషి వచ్చి పార అందుకున్నాడు. అతని మీద నాకున్న భయం ఎంత పనికిమాలినదో అప్పుడు తెలిసింది. గుంతల పక్కన ఇంజను ఇంటి బూడిద కుప్ప పోయించాం. వెళ్ళివచ్చినవాళ్ళు గుప్పెడు బూడిద, మన్ను వేస్తే చాలు. గుంత నిండితే పూడ్చి పక్కన ఇంకొకటి తవ్వుకోవచ్చు. ఎవరి చేతా ఎత్తించాల్సిన పని లేదు.

నాలుగో రోజుకు తడక నిలబడింది. మనిషి ఎత్తుకు పైన, లోపల అరలుగా. నేను ఆమెకు కబురు పెట్టాను. ఆమె మిరపచేను నుంచి నేరుగా వచ్చింది. లోపలికి వెళ్ళింది. తడకలోంచి ఎక్కడైనా కనపడుతుందేమో ఒంగి చూసింది. బయటికి వచ్చి నా ముందు నిలబడింది. మెప్పు కోసం ఎదురు చూస్తున్నాను.

"లోపల్నుంచి కట్టుకునే తాడేది?"

తడక తలుపుకు బయటి నుంచి మాత్రమే తాడు పెట్టాను. మా ఇంటి కొట్టానికి ఉన్నట్టు. లోపల ఉన్న మనిషికి తలుపు తన చేతిలో ఉండాలని నాకు తోచనే లేదు. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ప్రెస్సులోంచి తాడు తెచ్చి ఆమె ముందే ప్రతి అరకూ లోపలి వైపు కట్టాను.

పెద్దవ్వ ఆఫీసులోకి వెళ్ళి నా బల్ల మీది గంట తీసుకుని వచ్చి ఆమె చేతిలో పెట్టింది. "ఇగ ఇది గా మొగోని దగ్గర వద్దు. నువ్వు కొట్టు."

ఆమె కొట్టింది. నేను ఎప్పుడూ అంత గట్టిగా కొట్టలేదు. మిషన్లు ఆగాయి. ఆడవాళ్ళు చెంబులు పట్టుకుని వచ్చారు. దూది పొట్టుతో తెల్లబడ్డ ముఖాలు పైకెత్తి, గొంతులు కదులుతుండగా, గటగటా తాగారు. కొందరు రెండోసారి పట్టుకున్నారు. పదిహేను నిమిషాల్లో మొదటి రంజన్ ఖాళీ అయింది. నీళ్ళు మోసే మనిషి కావడి ఎత్తుకుని పరిగెత్తాడు. నీళ్ళు తాగే చప్పుడు అంత బాగుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. జాతరలో డప్పుల చప్పుడు విన్నట్టు నిలబడి విన్నాను.

కిటికీ కింద బంతిచెట్లు వారం రోజుల్లో తలలు వాల్చాయి. అంత సంతోషంగా ఎండిన చెట్లను నేను మళ్ళీ చూడలేదు.

నెల నిండకముందే ఒక మధ్యాహ్నం డాక్టరు సైకిలు మీద మిల్లుకు వచ్చాడు. ఎండకు ముఖం ఎర్రబడి ఉంది. "ఏమయ్యా మున్షీ, నా మీద నారాజ్ అయిండ్రా? కొత్త డాక్టరు దగ్గరికి పంపుతున్నరా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి మీ ఆడోళ్ళేరి? పది దినాలాయె, ఇద్దరో ముగ్గురో వచ్చిండ్రు." నేను ఆయనను షెడ్డులోకి తీసుకెళ్ళి రంజన్లు చూపించాను. తర్వాత దూరం నుంచి తడక చూపించాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నలభై ఏండ్ల వైద్యం నాది. నీళ్ళు తాగుండ్రని చెప్పుడే గని, ఎందుకు తాగుతలేరని ఒక్కదాన్ని గూడ అడగలే" అన్నాడు. ఆ మాటతో ఆయన నాకు దగ్గరివాడయ్యాడు.

సేటు డాక్టరు బిల్లును రెండుసార్లు తిప్పి చూశాడు. వెనుక ఇంకో కాగితం ఉందేమోనని. లేదు. "చిట్టీలు నడువనీ" అన్నాడు. ఆ మాట షెడ్డులో చెప్పినప్పుడు మిషన్ల చప్పుడును మించి కేక లేచింది. ఒక్క బండి కూడా పక్క మిల్లుకు మళ్ళలేదు. పైగా ముందువైపు బండ్లు నిలబడడంతో తూకం తొందరగా అవుతోందని బండ్లవాళ్ళ ముసలాయనే అందరికీ చెప్పుకున్నాడు.

సీజను ఆఖరి రోజు ఆఖరి దూది గంటు కట్టాక ప్రెస్సుకు కొబ్బరికాయ కొట్టడం ఆనవాయితీ. సేటు ఆ రోజు నాకు ఒక శాలువ కప్పి, "మున్షీజీ మన మిల్లుల జరాన్ని వెళ్ళగొట్టిండు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువ భుజాల మీద బరువుగా ఉంది. నేను ఆమెను తీసేసింది అందరి ముందు. క్షమించమని అడిగింది ఆమె గుడిసె ముందు, ఆమె అత్త తప్ప ఎవరూ వినకుండా. ఆ లెక్క సరిపోలేదని నాకు తెలుసు.

"వెళ్ళగొట్టింది జరాన్ని కాదు. ముందుగాల్ల మనిషిని వెళ్ళగొట్టిన" అన్నాను. గేటు దగ్గర ఏం చేశానో, ఎందుకు చేశానో, ఎవరికి భయపడి ఎవరిని ఎంచుకున్నానో అందరికీ వినిపించేలా చెప్పాను. శాలువ తీసి మడిచి ఆమె చేతిలో పెట్టి, కొబ్బరికాయ ఆమెనే కొట్టమన్నాను.

ఆమె కాయ చేతిలో తూకం చూసినట్టు ఎగరేసి పట్టుకుంది.

"మాఫీ చేసిన గని సాబు, గా తడక మొదటి వానకే కూలుతది. మల్ల సీజనుకు మేమొచ్చేసరికి ఏముంటది ఆడ?"

జవాబు కోసం ఆగకుండా కాయ కొట్టింది. ఒక్క దెబ్బకు రెండు సమానమైన చిప్పలు. నీళ్ళు ప్రెస్సు మీదికి, నా ముఖం మీదికి చిందాయి. అందరూ కేకలు వేశారు. నేనూ వేశాను.

మిల్లు మూశాక ఎండాకాలం నేను ప్రతి ఏడూ మా ఊరికి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ ఏడు వెళ్ళలేదు. సేటును రోజూ పొద్దున కలిసి, ఇటుకలు అనే ఒక్క మాట మాత్రమే మాట్లాడేవాణ్ణి. పదకొండో రోజు ఆయన విసిగి, కూలిపోయిన పాత గోదాము ఇటుకలు తీసుకోమన్నాడు. ఒక మేస్త్రీ దొరికాడు. ఆయనకు ఇటుకలు అందించే మనిషిని నేనే. పాత సున్నం గీకి, ఒక్కొక్క ఇటుక తడిపి అందించేవాణ్ణి. మా ఇంటామె రోజూ మధ్యాహ్నం అన్నం తెచ్చి, ఎత్తు చాలదని, ఇంకో రెండు వరసలు వేయమని చెప్పేది. మేస్త్రీ గొణిగేవాడు. వేసేవాళ్ళం.

మిరుగు కార్తెకు, తొలివానల వేళకు, గోడ పూర్తయింది. తలుపులు పెట్టించాను. గొళ్ళేలు లోపలి వైపు.